బెంగళూరులోని పిల్లల ఇంటికి విదేశం నుంచి అండగా నిలవాలంటే

డాలస్‌లోనో లండన్‌లోనో దుబాయ్‌లోనో ఉంటూ, బెంగళూరులో అమ్మానాన్నల్లేని పిల్లలకు నెలనెలా ఎంతో కొంత పంపాలనుకునే తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. అందరూ ముందు అడిగేది "ఎంత పంపమంటారు?" అని. నిజానికి అది చివర తేల్చుకోవాల్సిన విషయం. ముందు ఏ ఇంటికి, ఏ దారిన, ఎన్నేళ్లు అన్నది తేలాలి. ఇళ్లను ఎంచడానికి ఇక్కడ ఒకటే గీటురాయి పెట్టుకుందాం. పొద్దున్నే లేపి, జడలు వేసి, జ్వరమొస్తే రాత్రంతా పక్కన కూర్చునే మనిషి ఆ పిల్లలకు ఏళ్ల తరబడి మారకుండా ఉందా? మీ డబ్బు ఆ మనిషిని అక్కడ నిలబెడితే చేరాల్సిన చోటికి చేరినట్టే.

ముందుగా: ఆ బిడ్డకు నిజంగా ఎవరూ లేరా?

అనాథాశ్రమాల్లో ఉన్న పిల్లల్లో చాలామందికి తల్లో తండ్రో, మేనమామో, నానమ్మో ఉంటారు. తండ్రి పోయాక తల్లి ఒక్కతే సాకలేక వదిలేసినవాళ్లు, కూలి పనులకు ఊళ్లు తిరుగుతూ చదువు కోసం చేర్పించినవాళ్లు ఎక్కువ. 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం మూడో సెక్షన్ ప్రకారం బిడ్డను సంస్థలో పెట్టడం చివరి మార్గం. మిగతా దారులన్నీ మూసుకుపోయాకే ఆ తలుపు తట్టాలి.

మీకు తెలిసిన బిడ్డే ఉందనుకోండి. మీ ఊరి నుంచి వైట్‌ఫీల్డ్ వైపు అపార్టుమెంట్ల పనికి వెళ్లిన మేస్త్రీ చనిపోయాడు, ఇద్దరు పిల్లలు లేబర్ షెడ్డులో ఉన్నారు. తెలిసినవాళ్ల ఆశ్రమంలో నేరుగా చేర్పించేయకండి. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. విదేశం నుంచి కుదరకపోతే ఇక్కడున్న మీ వాళ్లెవరితోనైనా చేయించండి. ఒంటరిగా, ఆదరణ లేకుండా కనిపించిన బిడ్డను 24 గంటల్లోగా, ప్రయాణ సమయం మినహా, బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరుపరచాలి. ఛైర్‌పర్సన్, నలుగురు సభ్యులు ఉండే ఈ కమిటీని అందరూ సీడబ్ల్యూసీ అనే అంటారు. బిడ్డ ఎక్కడ ఉండాలో నిర్ణయించేది ఆ కమిటీయే. ఆశ్రమం వాళ్లకు గానీ, డబ్బు కట్టే మీకు గానీ ఆ అధికారం లేదు.

తల్లి గానీ దగ్గరి బంధువు గానీ బిడ్డను ఉంచుకుంటామంటే, వాళ్లకు కావలసింది నెల గడిచే దారి. కేంద్ర ప్రభుత్వ పథకం మిషన్ వాత్సల్య కింద స్పాన్సర్‌షిప్ రూపంలో బిడ్డకు నెలకు 4,000 రూపాయలు వస్తాయి. కుటుంబ ఆదాయం పల్లెల్లో ఏడాదికి 72,000, ఇతర చోట్ల 96,000 రూపాయలు దాటకూడదు. దరఖాస్తు జిల్లా బాలల సంరక్షణ విభాగంలో పెట్టాలి. ఇలాంటి తల్లి చేత దరఖాస్తు పెట్టించి, ఆధార్, మరణ ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం, బ్యాంకు ఖాతా సరిచేయించడానికి మీ బంధువొకరు రెండు రోజులు ఆఫీసుల చుట్టూ తిరిగితే, ఆ బిడ్డకు ఆశ్రమం అవసరమే రాకపోవచ్చు. దీనికి మీ జేబులోంచి పోయేది ఆటో ఖర్చులే. అయినా ఎక్కువమందికి తట్టని సాయం ఇదే.

ఒకవేళ మీ మనసులో దత్తత ఆలోచన ఉంటే దాన్ని ఈ సాయంతో కలపకండి. దత్తతకు కేంద్ర ప్రభుత్వ దత్తత వెబ్‌సైటైన కేరింగ్స్ పోర్టల్ ఒక్కటే దారి. ఎన్‌ఆర్‌ఐలకు అక్కడ దేశంలో ఉన్న భారతీయులతో సమానమైన వరుసే ఉంటుంది. ఆశ్రమానికి విరాళమిచ్చి బిడ్డను "మాట్లాడుకోవడం" నేరం.

ఇంటిలాంటి ఇల్లు ఎలా ఉంటుంది?

ఒక ఇల్లు, జీతం మీద అక్కడే ఉండి పిల్లలను పెంచే ఒక అమ్మ, ఎనిమిది నుంచి పది మంది పిల్లలు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత, 1949లో ఆస్ట్రియాలోని ఇమ్స్ట్‌లో మొదలైన ఎస్ఓఎస్ బాలల గ్రామాలు ఈ పద్ధతిని దేశదేశాలకూ తీసుకెళ్లాయి. మన చట్టంలోనూ దీనికి చోటుంది. కుటుంబంలాంటి వాతావరణంలో, ఒక్కో బిడ్డనూ విడిగా పట్టించుకుంటూ, బిడ్డకు ఇది నాది అనిపించేలా పెంచే ఏర్పాటును గ్రూప్ ఫాస్టర్ కేర్ అని నిర్వచించింది. ఆచరణలో కొన్ని సంస్థలు ఇలా నడుస్తాయి, కొన్ని బాలల గృహంగా రిజిస్టరై లోపల ఇళ్లుగా విడగొట్టుకుంటాయి, కొన్నింటిలో బోర్డు మీద "ఫ్యామిలీ హోమ్" అని ఉండి లోపల నలభై మంచాల హాలు ఉంటుంది.

బోర్డు చూసి తేల్చలేరు. ఇవి చూడండి:

వంట ఎక్కడ అవుతోంది? ఇంటిలోనే చిన్న పొయ్యి మీద అవుతోందా, కేటరింగ్ గిన్నెల్లో వస్తోందా? పదేళ్ల పిల్ల స్కూలు నుంచి వచ్చి ఆకలేస్తే ఎవరినీ అడగకుండా డబ్బా తీసి మరమరాలో బిస్కెట్టో తినగలదా? పోపుల డబ్బా ఎక్కడుందో పిల్లలకు తెలిసిన ఇల్లు, వంటగదికి తాళం వేసే ఇల్లు రెండూ వేరువేరు చోట్లు.

బట్టలు ఎవరివి వాళ్లవేనా? ఉతికాక గుట్ట పోసి సైజు చూసి పంచే పద్ధతి ఉంటే అది హాస్టల్. ప్రతి బిడ్డకూ తాళం ఉన్నా లేకపోయినా తన సొంతమైన ఒక అర, అందులో తన గాజులో, పాత ఫొటోనో, విరిగిన బొమ్మో ఉండాలి.

అన్నదమ్ములు, అక్కాచెల్లెళ్లు కలిసున్నారా? ఒక వయసు దాటాక ఆడపిల్లల గృహాలు, మగపిల్లల గృహాలు వేరవుతాయి. ఆడపిల్లలున్న చోట ఇంచార్జి, సిబ్బంది మహిళలే అయి ఉండాలన్నది నిబంధన. అంతవరకు సరే. కానీ విడిపోయిన తోబుట్టువులు వారానికోసారైనా కలుస్తున్నారా, పండగలు ఒకే చోట చేసుకుంటున్నారా అన్నది సంస్థ మనసును చెబుతుంది.

అన్నిటికన్నా ముఖ్యం అమ్మ సంగతి. ఎన్నేళ్లుగా ఈ ఇంట్లో ఉంది? గత మూడేళ్లలో ఈ ఇంటికి ఎంతమంది అమ్మలు మారారు? మొహమాటపడకుండా అడగండి. ఇద్దరికి మించి మారారంటే ఏదో లోపం ఉన్నట్టే. జీతం చాలకపోవడం, సెలవు దొరక్కపోవడం, పిల్లల బాధ్యతంతా ఆమెదై నిర్ణయాలన్నీ ఆఫీసువై ఉండటం, ఈ మూడింట్లో ఒకటి కచ్చితంగా బయటపడుతుంది.

కొత్తగా వచ్చిన వాళ్లను చూడగానే పరిగెత్తుకొచ్చి ఒళ్లో కూర్చునే పిల్లలను చూసి "ఎంత ప్రేమగా ఉన్నారో" అని మురిసిపోతాం. తెలిసిన మనుషులు తరచూ మారిపోయే చోట పెరిగిన పిల్లల్లో ఇలా ఎవరి దగ్గరికైనా వెళ్లిపోవడం కనిపిస్తుంది. రొమేనియా రాజధాని బుకారెస్ట్‌లో 2000లో మొదలైన పరిశోధనలో సంస్థల్లో పెరుగుతున్న 136 మంది చిన్నపిల్లలను ఎంచుకుని, వాళ్లలో కొందరిని పెంపుడు కుటుంబాల్లో ఉంచి ఏళ్ల తరబడి గమనించారు. చిన్న వయసులో, ముఖ్యంగా రెండేళ్ల లోపు, కుటుంబంలోకి వెళ్లినవాళ్లే బాగా కోలుకున్నారు. మంచి ఇంట్లో బిడ్డ కొత్తవాళ్లను చూసి ముందు అమ్మ కొంగు చాటుకు వెళ్తుంది. మీకు నిరాశగా అనిపించినా అదే మంచి గుర్తు.

కాగితాలు

ఫోన్లో అడిగితే సరిపోదు, స్కాన్ కాపీలు తెప్పించుకోండి.

మొదటిది జువెనైల్ జస్టిస్ చట్టం 41వ సెక్షన్ కింద రిజిస్ట్రేషన్. ప్రభుత్వ గ్రాంటు తీసుకున్నా తీసుకోకపోయినా, సంరక్షణ అవసరమైన పిల్లలను ఉంచుకునే ప్రతి సంస్థకూ ఇది తప్పనిసరి. ఐదేళ్లు చెల్లుతుంది. లేకుండా నడిపితే ఏడాది వరకు జైలు, లక్షకు తగ్గని జరిమానా, లేదా రెండూ. "అప్లై చేశాం సార్, వస్తుంది" అంటే తాత్కాలిక రిజిస్ట్రేషన్ పత్రం అడగండి. దానికి గరిష్ఠ గడువు ఆరు నెలలే. రెండేళ్లుగా "వస్తుంది" అంటున్నారంటే రాదని అర్థం. సొసైటీ లేదా ట్రస్టు రిజిస్ట్రేషన్ చూపించి ఇదే అదంటారు కొందరు. రెండింటికీ సంబంధం లేదు.

రెండోది, ఇంట్లో ఉన్న ప్రతి బిడ్డకూ సీడబ్ల్యూసీ ఉత్తర్వు ఉందా అన్నది. పిల్లల పేర్లున్న ఉత్తర్వులు మీకు పంపమని అడగకండి, వాళ్లు పంపకూడదు కూడా. "ఎంతమంది పిల్లలు, అందులో ఎంతమందికి కమిటీ ఉత్తర్వు ఉంది" అని రాతపూర్వకంగా అడగండి. రెండు సంఖ్యలూ ఒకటే కావాలి. ప్రతి బిడ్డకూ వ్యక్తిగత సంరక్షణ ప్రణాళిక రాసి, ఎప్పటికప్పుడు సరిచూస్తున్నారా అన్నదీ అడగండి.

మూడోది విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, అంటే ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్. ఇది మీ పాస్‌పోర్టును బట్టి కావాలో వద్దో తేలుతుంది, కింద చెబుతాం. సిబ్బంది పోలీసు వెరిఫికేషన్, పిల్లల రక్షణ విధానం, చివరి రెండేళ్ల ఆడిట్ రిపోర్టు కూడా తెప్పించుకోండి. మంచి సంస్థలు ఇవి అడిగితే నొచ్చుకోవు. చాలాసార్లు అడక్కముందే పంపుతాయి.

డబ్బు వెళ్లే దారి

ఎక్కువమంది పొరపడేది ఇక్కడే. మీరు ఏ దేశంలో ఉన్నారన్నది కాదు, మీ చేతిలో ఏ పాస్‌పోర్టు ఉందన్నది లెక్క.

భారత పాస్‌పోర్టు ఉండి విదేశంలో ఉద్యోగం చేస్తుంటే, మీ సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపే విరాళం విదేశీ విరాళం కాదు. సంస్థకు ఎఫ్‌సీఆర్‌ఏ లేకపోయినా తీసుకోవచ్చు. ఎన్‌ఆర్‌ఓ లేదా ఎన్‌ఆర్‌ఈ ఖాతా నుంచి పంపడం శుభ్రమైన పద్ధతి. పాస్‌పోర్టు మొదటి పేజీ కాపీ కూడా పంపండి. ఆడిట్‌లో అడిగితే సంస్థ చూపించుకోవాలి.

అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా పౌరసత్వం తీసుకుంటే, చేతిలో ఓసీఐ కార్డు ఉన్నా సరే, చట్టం దృష్టిలో మీరు విదేశీయులే. ఒక్క రూపాయి ఇచ్చినా అది విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ లేదా ముందస్తు అనుమతి ఉన్న సంస్థే తీసుకోవాలి. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ముందుగా స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియా న్యూఢిల్లీ మెయిన్ బ్రాంచిలో, సంసద్ మార్గ్‌లో, ఆ సంస్థ పేరున ఉన్న ఎఫ్‌సీఆర్‌ఏ ఖాతాకే చేరాలి. బ్రాంచి కోడ్ 00691. ఓసీఐ అని తెలిసి కూడా జయనగర్ బ్రాంచో, కోరమంగళ బ్రాంచో ఇచ్చి "దీనికే వేసేయండి" అన్నారంటే ఆ సంస్థకు చట్టం తెలియదు, లేదా లెక్కలేదు. ఏదైనా సరే అక్కడితో ఆగండి.

భార్యాభర్తల్లో ఒకరు భారత పౌరులు, ఒకరు ఓసీఐ అయితే భారత పౌరుల సొంత ఖాతా నుంచే పంపండి. ఉమ్మడి ఖాతా నుంచి పంపితే ఎవరి డబ్బో తేల్చుకోలేక సంస్థ అకౌంటెంట్ ఇబ్బంది పడతాడు.

ఇక మనవాళ్లు బాగా తొక్కే అడ్డదారి ఒకటుంది. పదిమంది స్నేహితులు చందాలు వేసుకుని, బెంగళూరులో ఉన్న ఒకరి నాన్నగారి ఖాతాకు పంపి, ఆయన చేత ఆశ్రమానికి ఇప్పించడం. ఆ పదిమందిలో విదేశీ పౌరులుంటే అది చట్టాన్ని తప్పించుకోవడమే. డబ్బు పేరు మారినా మూలం మారదు. చిక్కు వస్తే ముందు పడేది సంస్థ మీద, తర్వాత ఆ పెద్దాయన మీద. పిల్లల ఇల్లు నడిపే సంస్థ రిజిస్ట్రేషన్ పోతే మిగతా దాతల డబ్బూ ఆగిపోతుంది. అలాగే ఎఫ్‌సీఆర్‌ఏ ఉన్న ఒక సంస్థ ఆ డబ్బు తీసుకుని ఇంకో సంస్థకు ఇవ్వడం కూడా 2020 నుంచి కుదరదు. "మాకు లేదు కానీ మా తెలిసినవాళ్లకు ఉంది, వాళ్ల ద్వారా పంపండి" అన్న మాట వింటే వద్దనండి.

సంస్థ ఎఫ్‌సీఆర్‌ఏ నడుస్తోందో, గడువు ముగిసిందో, రద్దయిందో కేంద్ర హోం శాఖ ఎఫ్‌సీఆర్‌ఏ పోర్టల్‌లో చూడొచ్చు. రిజిస్ట్రేషన్ ఐదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. ఏటా ఎఫ్‌సీ-4 అనే రిటర్న్, ఆర్థిక సంవత్సరం ముగిసిన తొమ్మిది నెలల్లోగా, అంటే డిసెంబర్ 31 లోపు వేయాలి. గత మూడేళ్ల రిటర్న్‌లు సంస్థను అడిగి తెప్పించుకుని చదవండి. విసుగు పుట్టించే కాగితాలే, కానీ అందమైన బ్రోచర్లో దొరకని సంగతులు అందులో ఉంటాయి. విదేశీ విరాళంలో పాలనా ఖర్చు 20 శాతం మించకూడదు. ఇంటి అమ్మ జీతాన్ని పాలనా ఖర్చులో వేశారా, పిల్లల సంరక్షణ ఖర్చులో చూపారా అని అడగండి. ఆమె చేసేదే సంరక్షణ. ఆఫీసు ఖాతాలో కలిపేస్తే పరిమితి దాటుతుందన్న భయంతో మొదట కోత పడేది ఆమె జీతానికే.

వస్తువులకూ ఇదే చట్టం. పాత ల్యాప్‌టాప్‌లు సూట్‌కేసులో తెచ్చి ఓసీఐ దాతగా ఇంటికి ఇస్తే అదీ వస్తు రూపంలో విదేశీ విరాళమే, సంస్థ లెక్కలో చూపాలి. డబ్బు పంపి ఇక్కడే కొనమనడం సులువు.

పన్ను సంగతి క్లుప్తంగా. అమెరికాలో మినహాయింపు కావాలంటే అక్కడ 501సీ3గా, అంటే పన్ను మినహాయింపు ఉన్న చారిటీగా, గుర్తింపు పొందిన సంస్థ ద్వారా ఇవ్వాలి. బెంగళూరు సంస్థకు నేరుగా పంపితే రాదు. బ్రిటన్‌లో అక్కడి చారిటీ ద్వారా ఇస్తే గిఫ్ట్ ఎయిడ్ కింద ప్రతి పౌండుకు 25 పెన్నీలు కలుస్తాయి. ఆ సంస్థలు పంపినా ఇక్కడ చేరేది ఎఫ్‌సీఆర్‌ఏ ఖాతాకే. భారత్‌లో రిటర్న్ వేసే ఎన్‌ఆర్‌ఐ కొత్త పన్ను విధానం ఎంచుకుంటే విరాళం మీద మినహాయింపు దొరకదు.

ఇప్పుడు ఎంత, దేనికి

ఒక్క ఇంటి నెల లెక్క అడగండి, సంస్థ మొత్తం బడ్జెట్ కాదు. అద్దె, అమ్మ జీతం, పీఎఫ్, అమ్మ సెలవులో ఉన్నప్పుడు ఆమె బదులు వచ్చే పిన్ని జీతం, సరుకులు, పాలు, కరెంటు, నీళ్లు, స్కూలు ఫీజు, వ్యాను, మందులు, బట్టలు, మరమ్మతులు. ఇవన్నీ విడివిడిగా ఉండాలి. "ఒక బిడ్డకు నెలకు ఇంత" అన్న ఒక్క గుండు సంఖ్య ఇస్తే అందులో ఏముందో ఎవరికీ తెలియదు.

సరుకుల లెక్క మీరే సరిచూసుకోవచ్చు. 2016 నాటి మోడల్ రూల్స్ ఒక బిడ్డకు రోజుకు 600 గ్రాముల బియ్యం లేదా ఇతర ధాన్యం, 120 గ్రాముల పప్పు, 100 గ్రాముల ఆకుకూర, 130 గ్రాముల ఇతర కూరగాయలు, ఉదయం 150 మిల్లీలీటర్ల పాలు చెబుతున్నాయి. ఎనిమిది మంది ఉన్న ఇంటికి నెలకు 144 కిలోల ధాన్యం, దాదాపు 29 కిలోల పప్పు, రోజుకు 1.2 లీటర్ల పాలు అవుతాయి. చిన్నపిల్లలు అంత తినరు కాబట్టి ధాన్యం తగ్గొచ్చు. పప్పు, పాలు, కూరగాయలు మాత్రం తగ్గకూడదు. స్టాక్ రిజిస్టర్‌లో బియ్యం సరిపోయి పప్పు సగమే కనిపిస్తే, రోజూ నీళ్ల చారుతో గడుపుతున్నారన్నమాట. బియ్యం బస్తాలు ఇచ్చే దాతలు చాలామంది. పప్పుకు, నూనెకు, గుడ్లకు ఇచ్చేవాళ్లు తక్కువ. అందుకే నగదు మేలు.

నీళ్ల సంగతి విదేశంలో ఉన్నవాళ్లకు తట్టదు. 2024 వేసవిలో బెంగళూరు బోర్లు ఎండినప్పుడు అపార్టుమెంట్లతో పాటు పిల్లల ఇళ్లూ ట్యాంకర్ల మీదే బతికాయి. నగరాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లన్నది ప్రమాణం. పదిమంది ఇంటికి 1,350 లీటర్లు. 6,000 లీటర్ల ట్యాంకరు నాలుగు రోజులకు కాస్త పైన వస్తుంది. ఫిబ్రవరి నుంచి మే వరకు ఈ ఖర్చును బడ్జెట్‌లో విడిగా పెట్టమనండి. లేకపోతే అది పాలల్లోంచి, కూరగాయల్లోంచి పోతుంది.

అమ్మ స్థానంలో వచ్చే పిన్ని జీతమే ఎవరూ ఇవ్వడానికి ముందుకు రాని ఖర్చు. వారానికో రోజు సెలవంటే ఏడాదికి 52 రోజులు. ఇంకో 18 రోజులు ఊరికి వెళ్లొచ్చే సెలవు కలిపితే 70. పిన్నికీ సెలవులు కావాలి కాబట్టి ఒక పిన్ని దాదాపు నాలుగు ఇళ్లను చూసుకోగలదు. పిన్ని లేని చోట అమ్మకు సెలవు ఉండదు. సెలవు లేని అమ్మ రెండేళ్లకు వెళ్లిపోతుంది. అప్పుడు ఎనిమిది మంది పిల్లలు ఇంకోసారి అమ్మను పోగొట్టుకుంటారు. నలుగురు స్నేహితులు కలిసి ఒక పిన్ని జీతాన్ని ఐదేళ్లు భరిస్తామని రాసిస్తే నాలుగు ఇళ్లు నిలబడతాయి. శిలాఫలకం మీద పేరుండదు, ప్రారంభోత్సవం ఉండదు. అయినా విదేశం నుంచి చేయగల సాయాల్లో దీన్ని మించింది లేదని గట్టిగా చెబుతాం.

డబ్బు ఎప్పుడు వస్తుందన్నది కూడా చూడాలి. విరాళాలు దీపావళికి, డిసెంబరులో వరదలా వస్తాయి. ఖర్చు ఏప్రిల్, మే నెలల్లో పడుతుంది. కర్ణాటకలో బడులు మే చివర, జూన్ మొదట్లో తెరుస్తారు, ఫీజులు, యూనిఫాం, పుస్తకాలు అన్నీ అప్పుడే. నెలనెలా సమానంగా పంపడం మంచిది. ఒకేసారి పెద్ద మొత్తం ఇవ్వాలనుకుంటే ఏప్రిల్‌లో ఇవ్వండి, లేదా ఇంటి అడ్వాన్సుకు ఇవ్వండి. బెంగళూరులో యజమానులు పది నెలల అద్దె అడ్వాన్సుగా అడగడం మామూలే. ఎనిమిది మంది పిల్లలంటే ఇల్లివ్వడానికే వెనకాడతారు, కాబట్టి బేరానికి చోటుండదు. ఆ డబ్బు ఇల్లు ఖాళీ చేసినప్పుడు తిరిగొచ్చి సంస్థకు నిల్వగా ఉంటుంది.

ఒక బిడ్డ పేరున పంపడం వద్దు. ఫలానా పాప ఫొటో, ఫలానా పాప ఉత్తరం అని కట్టుబడితే, పక్క మంచం మీది బిడ్డకు దాత లేడని ఇద్దరికీ తెలిసిపోతుంది. బిడ్డ సొంత కుటుంబానికి తిరిగి వెళ్లే అవకాశం వస్తే సంస్థ వెనకాడటం మొదలవుతుంది, ఎందుకంటే బిడ్డతో పాటు డబ్బు పోతుంది. ఇంటి పేరున ఇవ్వండి.

సెలవుల్లో వచ్చి చూసినప్పుడు

ముందుగా చెప్పి, ఆదివారం సాయంత్రం గంటన్నర వెళ్లండి. పుట్టినరోజు కేకు, బిర్యానీ పార్సిళ్లతో వెళ్లకండి. నెలలో ఆరు పుట్టినరోజులు ఎవరెవరివో జరుపుకుని, తమ పుట్టినరోజు ఎవరికీ గుర్తులేని పిల్లలున్నారు. ఏదైనా తేవాలనుకుంటే అమ్మను అడగండి. ఎక్కువసార్లు ఆమె చెప్పేది చెప్పులు, లోదుస్తులు, ప్రెషర్ కుక్కర్ గాస్కెట్టు.

బిడ్డతో ఒంటరిగా గదిలో ఉండకండి. బయటకు తీసుకెళ్లకండి. "మీ అమ్మ ఎలా చనిపోయింది?" అని అడగకండి. ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టకండి. బిడ్డను గుర్తుపట్టే వివరాలు బయటపెడితే జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. ఫేస్‌బుక్‌లో పిల్లల ముఖాలు, కథలు పెట్టి విరాళాలడిగే సంస్థ రోజూ ఈ నేరం చేస్తున్నట్టే. అలాంటి చోట మీరు చూడని విషయాల్లో ఎలా ఉంటారో ఊహించుకోండి.

కళ్లతో చూడాల్సినవి కొన్ని. ఏడుగురికి ఒక మరుగుదొడ్డి, పదిమందికి ఒక స్నానాలగది కనీసం ఉండాలి. వాటి తలుపులకు లోపలి గడియ పడుతుందా అన్నది పట్టి చూడండి. ఫిర్యాదుల పెట్టె ఉంటే దాని తాళంచెవి ఎవరి దగ్గర ఉందో అడగండి. ఇంచార్జి దగ్గరే ఉంటే అందులో కాగితం వేసే బిడ్డ ఉండదు.

తెలుగు పిల్లల సంగతి

బెంగళూరు ఇళ్లలో అనంతపురం, చిత్తూరు, సత్యసాయి జిల్లాల నుంచి, పాలమూరు వైపు నుంచి వచ్చిన పిల్లలు ఉంటారు. కొందరు భవన నిర్మాణ కూలీల బిడ్డలు, కొందరు మెజెస్టిక్ రైల్వే స్టేషన్లో దొరికినవాళ్లు. అదే చట్టం 95వ సెక్షన్ ప్రకారం బిడ్డది వేరే ప్రాంతమని తేలితే విచారణ చేసి సొంత జిల్లా కమిటీకి పంపాలి. ఇది నెలలు పడుతుంది, కొన్నిసార్లు ఏళ్లు. ఈలోగా బిడ్డ కన్నడ మీడియం బడిలో చేరి తెలుగు చదవడం మర్చిపోతుంది. తర్వాత హిందూపురంలో నానమ్మ దొరికి ఇంటికి పంపితే, నాలుగో తరగతి పిల్ల అక్కడ అచ్చులు, హల్లుల దగ్గర మొదలుపెట్టాలి. ఆ సిగ్గుతో బడి మానేసిన పిల్లలుంటారు.

ఇక్కడ మీరు దూరం నుంచే చేయగల పని ఉంది. వారానికి రెండుసార్లు ముప్పై నిమిషాలు, ఇద్దరు ముగ్గురు పిల్లలకు కలిపి, తెలుగు చదవడం నేర్పండి. బెంగళూరులో ఆదివారం రాత్రి 7 గంటలంటే డాలస్‌లో ఉదయం 8.30, చలికాలంలో 7.30. లండన్‌లో మధ్యాహ్నం. అమ్మ లేదా సిబ్బంది గదిలో ఉండాలి, సంస్థ ఫోన్ మీదే కాల్ జరగాలి, పిల్లల సొంత నంబర్లు తీసుకోకూడదు. ఏడాది పాటు మానకుండా చేయగలననుకుంటేనే మొదలుపెట్టండి. మూడు వారాలకు మానేస్తే మొదలుపెట్టకపోవడమే నయం.

ఊరి ఆనవాలు పట్టడంలోనూ తెలుగువాళ్ల సాయం విలువైనది. బిడ్డ చెప్పే గుడి పేరు, సంత రోజు, అవ్వ మాట్లాడే యాస కన్నడ కౌన్సెలర్‌కు అందవు. సంస్థ ద్వారా కమిటీ అనుమతితో తెలుగు అనువాదకులుగా సాయపడొచ్చు. సొంతంగా ఊళ్లకు ఫోన్లు చేసి వెతకడం మాత్రం చేయకండి. బిడ్డ పారిపోయి వచ్చింది ఆ ఇంటి నుంచే కావచ్చు.

పద్దెనిమిది నిండాక

చట్టం ప్రకారం సంస్థలో ఉండే వయసు 18తో ముగుస్తుంది. తర్వాత 21 వరకు, అసాధారణ పరిస్థితుల్లో 23 వరకు ఆఫ్టర్‌కేర్, అంటే సంస్థ నుంచి బయటికొచ్చాక అందే సాయం, ఉంది. కాగితం మీద ఉన్నంత సులువుగా అందదు. పీయూసీ (మన ఇంటర్) రెండో ఏడు పరీక్షల మధ్యలో 18 నిండిన పిల్లకు ఎక్కడుండాలన్న బెంగతో చదువు సాగదు. ఏర్పాట్లు 16లోనే మొదలుకావాలి. ఆధార్‌లో పుట్టినతేదీ, పదో తరగతి మార్కుల జాబితాలో పుట్టినతేదీ ఒకటేనా? బ్యాంకు ఖాతా బిడ్డ పేరున ఉందా, దాన్ని వాడటం తెలుసా? ఆదాయ, కుల పత్రాలు దొరుకుతాయా? 15 ఏళ్లకు ఆధార్ బయోమెట్రిక్ అప్‌డేట్ అయిందా? ఇవి తేలకపోతే స్కాలర్‌షిప్పు, కాలేజీ సీటు, అద్దె గది అన్నీ ఆగుతాయి.

డబ్బులో కొంత ఆఫ్టర్‌కేర్‌కు కేటాయించమని రాతపూర్వకంగా చెప్పండి. పీజీ హాస్టల్ అడ్వాన్సు, మొదటి మూడు నెలల అద్దె, కాలేజీ ఫీజు. ఉద్యోగం చేసే మీరు ఒక పిల్లకో పిల్లాడికో రెజ్యూమే రాయడం, ఇంటర్వ్యూలో మాట్లాడటం నేర్పడానికి ఇదే సరైన వయసు. పండక్కి ఎక్కడికి వెళ్తావని అడిగితే చెప్పడానికి ఆ పిల్లకు ఒక ఇల్లుండాలి కాబట్టి, పెద్దయినవాళ్లు సంక్రాంతికి, ఉగాదికి వచ్చి నాలుగు రోజులుండే ఖర్చును బడ్జెట్‌లో పెట్టే సంస్థలను వదులుకోకండి.

ఆపాల్సి వస్తే

ఉద్యోగం పోవచ్చు, ఇంట్లో ఖర్చు పెరగవచ్చు. మొదటి నెలే సంస్థతో ఒక పేజీ ఒప్పందం రాసుకోండి: ఎన్నేళ్లు, నెలకు ఎంత, దేనికి, ఆపాలంటే ఆరు నెలల ముందు చెబుతాం అని. ఆ ఆరు నెలలు కూడా కష్టమైతే మొత్తం తగ్గించండి, ఒక్కసారిగా మానకండి. పిన్ని జీతం మీదైతే, కొత్త దాత దొరికేదాకా మిగతా స్నేహితులు ఆ వాటా పంచుకునేలా ముందే మాట్లాడుకోండి. సంస్థ వైపు నుంచి ఏటా మే నెలలో ఒక లేఖ అడగండి. అందులో ఎంతమంది పిల్లలు కుటుంబాలకు తిరిగి వెళ్లారు, ఎంతమంది కొత్తగా వచ్చారు, ఏ ఇంట్లో అమ్మ మారింది, ఎందుకు మారింది అన్నవి ఉండాలి. ఫొటోలు అక్కర్లేదు.